నడుము కింద జింక్

మానవదేహంలో అలంకారానికీ ఔషధానికీ మధ్య సరిహద్దు సరిగ్గా నడుము దగ్గర ఉందని మా బండబర్గ్ వృద్ధాశ్రమం కనిపెట్టింది. వైద్యశాస్త్రానికి ఈ సంగతి ఇంకా అందలేదు. నడుముకు పైన రాస్తే జింక్ క్రీము ఎండకు పూసుకునే పూత, ఎవరైనా ఎవరికైనా పూయవచ్చు. అదే జింక్ నడుముకు కింద రాస్తే మందు. మందంటే మాటలా? దానికి తాళం ఉంటుంది, తాళానికి అధికారి ఉంటారు, అధికారికి సెలవులుంటాయి. (మోకాళ్ల సంగతి బ్రిస్బేన్‌లోని చర్మ సరిహద్దుల సమన్వయాధికారి పరిశీలనలో ఉంది. నిక్కరు వేసుకున్న రోజు పైభాగం, ప్యాంటు వేసుకున్న రోజు కిందిభాగం అనే రాజీ సూత్రం వినబడుతోంది.)

ఈ సరిహద్దుకు అవతలివైపు మా డెస్మండ్ బాబాయ్ చిక్కుకుపోయాడు. ఒకప్పుడు చెరుకు కోత యంత్రం మీద పొద్దస్తమానం కూర్చున్న మనిషి, ఇప్పుడు కుర్చీలో కూర్చోలేడు. డైపరు ఒరుసుకుని వెనకంతా ఎర్రగా పూసింది. నిలబడి తింటాడు, నిలబడి టీవీ చూస్తాడు. అంతవరకూ బాగానే ఉంది గానీ, నిలబడి పేకాడబోయేసరికి ఆటలో ఎదురుగా కూర్చునే బెరిల్ కయ్యిమంది.

"పై నుంచి నా ముక్కలన్నీ చూస్తున్నావ్! కూర్చుంటే కూర్చో, లేదంటే పో!"

బాబాయ్‌కి ఆ పేకాట బల్ల తప్ప వేరే లోకం లేదు. కిటికీ దగ్గర నిలబడి, మిగతావాళ్లు ఆడుతుంటే వింటూ ఉండేవాడు.

వెంటనే మందుల షాపుకు వెళ్లి ఒక జింక్ ట్యూబు కొన్నాను. అక్కడ దాన్ని దువ్వెనల పక్కన పెట్టి అమ్ముతారు. కౌంటరు దగ్గరి పిల్ల నన్నేమీ అడగలేదు, సంచీ కావాలా అని తప్ప. ఆశ్రమం మేనేజరు హీథర్ పినాక్ మాత్రం ఆ ట్యూబును రెండు వేళ్లతో పట్టుకుని, నిద్రమాత్రలుండే బీరువాలో పెట్టి తాళం వేసింది.

"డాక్టరు చీటీ లేకుండా రాస్తే నా ఉద్యోగం పోతుందండీ."

డాక్టరును పట్టుకున్నాను. ఆయన ముసిముసిగా నవ్వాడు. "చీటీ అక్కర్లేని మందుకు చీటీ రాయడానికి నాకు అధికారం లేదమ్మా. ఎవరైనా కొనుక్కోవచ్చుగా!"

ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ రెండు నిజాల మధ్య మా బాబాయ్ వెనకభాగం మండుతోంది.

పోనీ నేనే ఇంకో ట్యూబు తెచ్చి రాస్తానన్నాను. బాబాయ్ ముఖం కందగడ్డలా అయింది. "చిన్నప్పుడు నీ గుడ్డలు నేను మార్చాను. ఆ బంధం అలాగే ఉండనీ. తిరగేయకు." తనే రాసుకుందామంటే చెయ్యి అంతదూరం పోదు.

ఇదిలా ఉండగా, రోజూ పొద్దున తోటలోకి పంపేముందు ఆశ్రమంలో అందరి ముక్కులకూ తెల్లగా జింక్ పులమడం ఆచారం. సంరక్షకురాలు మెరెసెయినిది ఫిజీ, చెయ్యి ధారాళం. ఒకరోజు బాబాయ్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"నా ముక్కు బానే ఉంది తల్లీ. ఆ తెల్లదేదో కింద రాయి, పుణ్యముంటుంది."

"అమ్మో, నా వల్ల కాదు తాతా! ఇది ఎండ తగిలే చోటే రాయాలట. మేడమ్ చంపేస్తుంది నన్ను."

బాబాయ్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత తోట మధ్యకు నడిచి, ప్యాంటు కిందికి దించి, పదకొండు గంటల ఎండకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఇప్పుడు తగులుతోందా లేదా?"

బెరిల్ పేకముక్కలు కింద పడేసింది. మెరెసెయిని నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది, అయినా నిబంధనల ప్రకారం ట్యూబు మూత తీసింది. ఆశ్రమయంత్రాంగం ఇంత వేగంగా కదలగలదని నాకు ఆరోజే తెలిసింది. పూత మొదలయ్యేలోపే నలుగురు మనుషులు వచ్చి, మా బాబాయ్ తల మీద పందిరిగుడ్డ కట్టారు. సదరు భాగం ఇప్పుడు నీడలో ఉన్నందున పూత అవసరం తీరిపోయిందని పినాక్ గారు ప్రకటించారు. (ఆ పందిరి ఖర్చు 'సుఖసంతోషాలు' అనే పద్దు కింద వేశారు.)

ఆ నవ్వు నాకు ఎక్కువసేపు నిలవలేదు. తర్వాతి వారం బాబాయ్ నిలబడలేక, కూర్చోలేక, మంచం మీద బోర్లా పడుకుని గోడవైపు తిరిగాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరిమీద అరవాలో తెలియలేదు, అందరూ మర్యాదస్తులే.

ఆ మర్నాడు పినాక్ ఫోను చేసింది. గొంతు నిండా ఆనందం.

"శుభవార్తండీ! మీ బాబాయ్ గారికి చర్మం చిట్లింది."

"ఏమన్నారూ?"

"ఒరుపు కాస్తా పుండయింది. ఒరుపుకైతే మా దగ్గర ఏర్పాటు లేదు. పుండుకు అన్నీ ఉన్నాయి!"

నిజంగానే ఉన్నాయి. గంటలో పుండ్ల నర్సు వచ్చింది. గాలిపరుపు వచ్చింది, మధ్యలో బొక్క ఉన్న మెత్త వచ్చింది. నర్సు గాయం కడిగి, చుట్టూ దట్టంగా జింక్ పట్టించింది. ఏ చీటీతో రాస్తున్నారని అడిగితే, పుండు చుట్టూ రాసేది మందు కిందికి రాదనీ, అది శుభ్రత అనీ చెప్పింది.

కొన్ని వారాలకు బాబాయ్ ఆ మెత్త మీద కూర్చుని బెరిల్‌ను రెండాటలు ఓడించాడు. నేను వెళ్లేసరికి నర్సు కట్టు మార్చడానికి ఆయన్ను గదిలోకి తీసుకెళ్లింది. తలుపు బయటికి ఆవిడ మాట వినబడింది.

"భలే! చక్కగా మానుతోందండీ డెస్మండ్ గారూ. ఇంకో వారంలో మూసుకుపోతుంది, ఇక నాతో పనుండదు, ఆ మెత్తా అక్కర్లేదు."

"మెల్లగా అనమ్మా," అన్నాడు బాబాయ్. "మేనేజరుకి వినబడుతుంది."