మొట్టమొదటి నాగరికతకు మంత్రిగారి రాక

ప్రపంచంలో నాగరికత మొట్టమొదట తన నియోజకవర్గంలోనే పుట్టిందని మంత్రిగారు బస్టాండులో మరుగుదొడ్లు ప్రారంభిస్తూ ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. మరుగుదొడ్లకు ఇంకా నీళ్లు రాలేదు. అంత పాత నాగరికతకు నీళ్ల తొందరేముంది?

ఈ ఘనతకు మూలపురుషుడు పురావస్తు శాఖలో ఒక చిన్న ఆఫీసరు. ఏ ఊరు వెళ్లినా నేలచూపులు చూస్తూ కుండపెంకులు ఏరుకుంటాడని ఆయన్ను అందరూ చిల్లపెంకుల సారు అనేవారు. ఊరి బయటి దిబ్బ కింద పాత పట్టణం ఉందని ఉద్యోగంలో చేరిన నాటినుంచీ మొత్తుకుంటున్నాడు. పైవాళ్లు "చూద్దాం" అనేవారు. ఈసారి అర్జీలో "ప్రపంచంలోనే మొట్టమొదటిది కావచ్చు" అని ఒక ముక్క కలిపాడు.

"నిజమేనా?" అంది భార్య.

"పాతదన్నది నిజం. మొదటిదో కాదో ఎవడికి తెలుసు? ఆ ముక్క లేకపోతే తవ్వనివ్వరే!"

ఆ ముక్క పనిచేసింది. మంత్రిగారు స్వయంగా పిలిపించారు.

"నాగరికత అంటే ఏమేం ఉండాలి?"

"మొదట నది ఉండాలండి."

"ఉంది కదా?"

"ఇప్పుడందులో నీళ్లు లేవండి."

"ఇసుక ఉందిగా! మనవాళ్లు రోజూ తోలుతూనే ఉన్నారు. నది లేకుండా ఇసుకెక్కడిది? తర్వాత?"

"పండించినవాళ్లు తినగా మిగిలిన ధాన్యం ఒకచోట పోగుపడాలండి."

"ఎవరి దగ్గర?"

"పండించనివాళ్ల దగ్గర."

మంత్రిగారు గదిలో కూర్చున్నవాళ్లందరినీ తృప్తిగా ఓసారి కలయజూశారు.

"తర్వాత రాత. ఎవరి దగ్గర ఎంత వసూలైందో రాసుకోవడానికి పుట్టిందండి."

"కవిత్వానికి కాదా?" అన్నాడు పీఏ నీరసంగా. ఆయన కవి కూడా.

"అది తర్వాత వచ్చిందండి, రాజుని పొగడ్డానికి."

పీఏకి ప్రాణం లేచొచ్చింది.

"ఇక కొందరికి మేడలు, చాలామందికి గుడిసెలు. పైన ఒక పాలకుడు, ఆయన కోసం ఒక పెద్ద కట్టడం."

"అన్నీ ఉన్నాయే! ఇంకా అనుమానమేమిటయ్యా?"

"మురుగు కాలువలు కూడా ఉండాలండి."

"అది తప్పనిసరా?" అన్నారు మంత్రిగారు.

"మనకు దొరకబోయేది ముందుగా అదేనండి."

మంత్రిగారు పెద్దమనసుతో కాలువలకు కూడా అనుమతిచ్చారు.

తవ్వకం మొదలైంది. సారు చెప్పినట్టే కాలువ బయటపడింది. ఇటుకకు ఇటుక అతికినట్టు, నీరు నిలవకుండా వాలుగా కట్టారు. పక్కన ధాన్యపు కొట్టు, అందులో మాడిన గింజలు. ఒక ఇటుక మీద చంటిపిల్ల పాదం ముద్ర పడి ఉంది. ఆరబెట్టిన పచ్చి ఇటుకను ఎవరి పాపో తొక్కేసినట్టుంది. సారు పరుగున వెళ్లి భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ ఆ ముద్రలో వేళ్లు పెట్టి చూసి, "వాళ్లమ్మ నాలుగు తిట్టే ఉంటుంది" అంది. ఆయన నవ్వబోయి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మంత్రిగారు చూడటానికి వస్తామన్నారు. ఉపన్యాసం రాసిపెట్టమని సారును రాజధానికి రప్పించారు. రాసిచ్చి, సభకు ముందురోజు ఆయన తిరిగొచ్చేసరికి దిబ్బ లేదు. బల్లపరుపు మైదానం, దాని మధ్య సున్నంతో గీసిన గుండ్రటి గీత. రోడ్డు రోలరు పక్కన ఇంజనీరు టీ తాగుతున్నాడు.

"ఏమిటండీ ఇది?"

"హెలిప్యాడ్ సార్. మంత్రిగారు మీ తవ్వకాలు చూడ్డానికి వస్తున్నారుగా!"

"మరి తవ్వకాలేవీ?"

"అంతా గోతులు సార్, హెలికాప్టర్ దిగొద్దూ? నిన్న మంగళవారమే చదును చేయించా. లోపల ఇటుకలు భలే గట్టివి, కంకర ఖర్చు తప్పింది."

సారు వంగి రోలరు కింద నలిగిన ఇటుక ముక్కలు ఏరసాగాడు. "పోనీ నాలుగు తిట్టండి సార్," అన్నాడు ఇంజనీరు జాలిగా. సారు ఇంకో ముక్క ఏరి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు మంత్రిగారు సరిగ్గా సున్నపు గీత మధ్యలో దిగారు. నాగరికత లక్షణాలన్నీ ఏకరువు పెట్టారు. ఒక విలేకరి లేచి, "సార్, ఇంతకీ ఆ నాగరికత ఎక్కడ? ఏమీ కనపడదే!" అన్నాడు.

మంత్రిగారు తడుముకోలేదు. "ఎంత గొప్పదైనా ఒకనాటికి అంతరించాల్సిందే. అదీ ఒక లక్షణమే."

"ఎప్పుడు అంతరించింది సార్?"

"మా సారు చెబుతారు," అని మైకు ఇచ్చేశారు. వెనకనుంచి పీఏ, "గత ప్రభుత్వ హయాంలో అనండి" అని గొణిగాడు.

చిల్లపెంకుల సారు గొంతు సవరించుకున్నాడు. "మొన్న మంగళవారం," అన్నాడు.

ఇంజనీరు తల దించుకున్నాడు. మంత్రిగారు లేచొచ్చి సారును గుండెలకు హత్తుకున్నారు.

"చూశారా! వేల ఏళ్ల నాటి సంగతి కూడా ఈయనకు మొన్న జరిగినట్టే ఉంది. అంకితభావమంటే ఇదీ! రేపటినుంచి నాగరికతాభివృద్ధి సంస్థకు ఈయనే డైరెక్టరు!"

చప్పట్లు మిన్నంటాయి. ముందు వరసలో ఒకావిడ కళ్లొత్తుకుంది. సారు ఇంకేదో చెప్పబోయాడు గానీ మైకు అప్పటికే చేతులు మారింది.

హెలికాప్టర్ లేచింది. ఎర్రటి ఇటుక పొడి సుడి తిరిగి అందరి నెత్తినా పడింది. జనం దులుపుకుని ఇళ్లకు పోయారు. భార్య దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి దులపబోయింది.

"ఉండనీ," అన్నాడు.