తుప్పు పట్టించిన ట్యాంకు

కదిలేదల్లా వాహనమే, తుప్పు ఉన్నదల్లా పాతదే. ఈ రెండు మహాసూత్రాల మీదే ఊళ్లోని వాహన పరీక్షా కార్యాలయం నిలబడి ఉంది. (గోడల మీద మాత్రం కాదు. అవి ఎక్కడ నెత్తిన పడతాయోనని ఒక తల్లి గుమ్మం దగ్గరే రెండుసార్లు ఆగింది.)

ఆమె వెనక కూతురు తోపుడుబండి నెట్టుకొస్తోంది. బండి మీద, దుప్పటి కింద, యుద్ధట్యాంకు. అసలు ట్యాంకులో ఆరో వంతు, చంటిపిల్లల ఉయ్యాలంత పొడుగు.

దాన్ని కట్టడం ఒక ఎత్తు, కట్టాక యుద్ధంలో నలిగినట్టు పాడుచేయడం ఒక ఎత్తు. అమ్మాయి ముందు గోధుమరంగు పూసి, తడి ఉప్పు చల్లి, దానిపైన ఆకుపచ్చ కొట్టి, ఆరాక ఉప్పు రాల్చేసింది. రాలిన చోటల్లా తుప్పు మచ్చలు తేలాయి. గొలుసు పట్టాలకు మట్టిరంగు పొడి అద్దింది. ఆ తుప్పు గీసుకుంటే ధనుర్వాతం వస్తుందని తల్లి పట్టుబట్టి కూతురికి ఇంజెక్షన్ చేయించింది.

"అమ్మా, అది ఉత్త రంగే!"

"రంగైతే మాత్రం? తుప్పులానే ఉందిగా!"

రేపు నమూనాల ప్రదర్శన. ట్యాంకును అక్కడి గేటు దాటించాలంటే పరీక్షా పత్రం చూపించమన్నాడు కాపలాదారు. మోటారుంది, కదులుతుంది, కనుక వాహనమే.

తుప్పు అధికారి (అది ఆయన హోదా, ఒంటికి తుప్పేమీ లేదు) దుప్పటి ఎత్తి పెదవి చప్పరించాడు.

"దీని కాలం చెల్లిపోయిందమ్మా. పెరట్లో తుక్కు చేసే యంత్రం ఉంది. అక్కడ లైను కూడా లేదు."

(ఆ కార్యాలయంలో లైను లేని చోటు అదొక్కటే.)

"పోయిన వారం వేసిన తుప్పండీ ఇది!" అంది కూతురు.

"అంటే కొత్తదాన్ని పాతదని చూపిస్తున్నారా? అది మోసం. మోసం బండ్లు కూడా యంత్రంలోకే."

"అయ్యో, పాతదే నాయనా, పాతదే!" అంది తల్లి కంగారుగా.

"అమ్మా, నువ్వు ఊరుకో!"

"పాతదైతే యంత్రంలోకి ఎడమవైపు నుంచి తోస్తాం, మోసమైతే కుడివైపు నుంచి. మీ ఇష్టం," అన్నాడు అధికారి. ప్రజల ఇష్టానికి అక్కడ అంత విలువ.

ఇద్దరు బంట్రోతులు వచ్చి తోపుడుబండి పట్టుకున్నారు. కూతురు ఫిరంగి గొట్టాన్ని కౌగిలించుకుంది. తల్లి గోడ మీది నియమాల బోర్డు చదవసాగింది. చదువుకున్నది కొద్దే కాబట్టి ఏది కనిపించినా చివరి అక్షరం దాకా చదువుతుంది, ఏ మూల ఏ ముప్పు పొంచి ఉందోనని. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: సైనిక వాహనాలకు ఈ నియమాలు వర్తించవు.

"నాయనా, ఇది సైనిక వాహనమే కదా?"

అధికారి బోర్డు చదివాడు. ఆయన దాన్ని చదవడం అదే మొదటిసారి.

"ఏ సైన్యం?"

"మా ఇంట్లోదే."

"బలగం ఎంత?"

"నేనూ, అమ్మాయీ. వాళ్ల నాన్న కూడా ఉన్నారు గానీ, ఆయనకి నడుం నొప్పి."

"సర్వసేనాని?"

"ఇంకెవరు, అమ్మే," అంది కూతురు.

అధికారి సొరుగులోంచి సైన్యాల దరఖాస్తు తీశాడు. (అక్కడ దరఖాస్తు లేని సంగతంటూ లేదు.) తల్లి నింపసాగింది. స్థావరం: మూడో అంతస్తు. 'శత్రువు పేరు' దగ్గర కలం ఆగిపోయింది.

"మాకెవరూ శత్రువులు లేరు నాయనా."

"ఖాళీగా వదిలితే చెల్లదు. శత్రువు లేని సైన్యానికి అనుమతి లేదు."

"తోచిన పేరేదో రాస్తే?"

"జైలు."

ఖాళీగా వదిలితే ట్యాంకు పోతుంది, అబద్ధం రాస్తే తను పోతుంది. బంట్రోతులు తోపుడుబండిని అప్పుడే పెరటి గుమ్మం దాకా లాగారు. తల్లి కొంగుతో మొహం తుడుచుకుని, కలం మళ్లీ అదే గడి మీద పెట్టి, అధికారిని ఎంతో మర్యాదగా అడిగింది.

"తమరి పేరు చెప్పండి నాయనా, ఇంటిపేరుతో సహా."

అధికారి ఆమె వైపు చూశాడు. ఫిరంగి గొట్టం వైపు చూశాడు.

"ఈ విషయం నా పరిధిలోకి రాదమ్మా," అని కలం అందుకుని, పక్క కిటికీ అధికారి పేరు తనే ఆ గడిలో రాసి, ముద్ర వేశాడు.