గొంతు మాయమైన వీడియో

“పెట్టెను నేను ఎన్నుకోను. నాలుగు ప్రశ్నలు వేస్తాను, అదే బయటపడుతుంది. ఈ కళ్ల నుంచి తప్పించుకున్నది ఇంతవరకు ఏదీ లేదు,” అని టీవీల షాపు నడిమధ్య నిలబడి ప్రకటించారు డ్రాయింగ్ మాస్టారు.

ఆ కళ్లకు పెట్టుకోవలసిన జోడు నెత్తి మీద ఉంది. దాని కోసం ఆయన జేబులు తడుముకుంటున్నారు. పక్కనే ఉన్న బావమరిది దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాడు. మందుల షాపులో రోజంతా డాక్టర్ల చేతిరాత చదివే మనిషి కనుక, ఓర్పు అతనికి వృత్తిలోనే అబ్బింది.

మాస్టారు బడిలో బొమ్మలు నేర్పుతారు. డిటెక్టివ్ అన్న బిరుదు మాత్రం తనకు తానే ఇచ్చుకున్నారు. వీధిలో ఎవరి చెప్పు పోయినా దొంగ ముఖం ఊహించి గీసి చూపిస్తారు. ఏ దొంగను గీసినా ముక్కు మాత్రం బావమరిదిదే వస్తుంది. ముక్కు గీయడం ఆయన నేర్చుకున్నది ఆ ముక్కును చూసే మరి.

ఇంట్లో టీవీకి తగిలించే పాత ప్లేయర్ పెట్టె పాడైపోయింది. అత్తగారికి కావలసినవి రెండే. నెట్‌లో వచ్చే సీరియళ్లు చూడాలి, ఈమధ్యే పాత కెమెరాలో బయటపడి పెన్‌డ్రైవ్‌కెక్కిన, ఇంకా ఎవరూ చూడని మామగారి వీడియో చూడాలి. ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన మాట వినాలంటే ఆ వీడియో ఒక్కటే మిగిలింది.

షాపమ్మాయి రెండు పెట్టెలు ముందు పెట్టింది. ఒకటి అరచేతిలో పట్టే సన్నటి తెల్ల పెట్టె. రెండోది నల్లగా, లావుగా, వెనకంతా కన్నాలతో ఉంది.

“నెట్‌లోవి ఎక్కువ చూస్తారా సార్, పెన్‌డ్రైవ్‌లోవా?”

“ప్రశ్నలు వేసేది నేను,” అన్నారు మాస్టారు. నల్ల పెట్టెను తిప్పి చూసి పెదవి విరిచారు. “ఇన్ని కన్నాలున్న చోట దొంగ దూరకుండా ఉంటాడా? తెల్లదే నిర్దోషి.”

“రెండూ తీసుకెళ్లి చూడండి సార్. నచ్చనిది తిరిగిచ్చేయండి,” అందా అమ్మాయి, ఈ బేరం తొందరగా తెమిలితే చాలన్నట్టు.

ఇంటికి రాగానే మాస్టారు తెల్ల పెట్టెను టీవీకి తగిలించారు. “తెచ్చిన వస్తువును ఒకసారైనా చూడకుండా తిరిగిస్తారా?” అని అత్తగారు గొణగడంతో, మాస్టారు స్నానానికి వెళ్లినప్పుడు బావమరిది నల్లదాన్ని కూడా రెండో తీగతో టీవీ వెనక కలిపి ఉంచాడు. మాస్టారు వచ్చి చూసి, “ఉంటే ఉండనీ. అది నా నిఘాలో ఉన్న ముద్దాయి. ఎవరూ ముట్టుకోవద్దు,” అన్నారు.

తెల్ల పెట్టెలో సీరియల్ అద్దంలా వచ్చింది. అత్తగారు సంబరపడ్డారు. తర్వాత మాస్టారు దానికి పెన్‌డ్రైవ్ గుచ్చారు. మామగారు తెర మీదికి వచ్చారు. అరుగు మీద కూర్చుని గొడుగు బాగుచేస్తూ ఏదో అంటున్నారు. పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు.

వాల్యూమ్ పెంచారు. లేదు. పెన్‌డ్రైవ్ తీసి ఊది మళ్లీ పెట్టారు. లేదు.

“ఆయన గొంతు పోయిందా?” అన్నారు అత్తగారు మెల్లగా. ఆమె చేతిలోని చెంగు నలిగిపోతోంది. బావమరిది తన నాన్న గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోయాడు. వెంటనే గుర్తు రాలేదు. అది మరీ భయపెట్టింది.

“పోలేదు అత్తయ్యా,” అన్నారు మాస్టారు, కళ్లు సగం మూసి. “పోగొట్టారు. ఎవరో కావాలని గొంతు నొక్కేశారు. ఈ మాటలు బయటికి రాకూడదని.”

“బావా, పెట్టెకే వినిపించడం చేతకావట్లేదేమో. నల్లదాంట్లో ఒకసారి...”

“నేరస్థుడు ఎప్పుడూ పెట్టె మీదికే నెట్టేస్తాడు.” మాస్టారు తెరకు ముక్కు ఆనించి పెదవుల్ని చదవడం మొదలుపెట్టారు. ఉన్నట్టుండి వెనక్కి జరిగారు. ముఖం పాలిపోయింది. “నన్ను... చంపుతోంది... నువ్వే. అంటున్నారు. అని, వేలితో చూపిస్తున్నారు. సూటిగా కెమెరా వైపు.”



“ఆయన ఆసుపత్రిలో, మనందరి మధ్యా, గుండె ఆగి పోయారు కదండీ,” అన్నారు అత్తగారు.

“లోకం అలాగే అనుకుంటుంది. చూడండి, అంచున కర్టెన్ కనపడుతోంది. అంటే చాటు నుంచి తీశాడు. మామగారు కనిపెట్టేశారు.” మాస్టారు కాగితం తీసుకుని హంతకుడి ముఖం గీశారు. గీసిన ముక్కును చూశారు. తలెత్తి బావమరిది ముక్కును చూశారు. “ఇంట్లో కెమెరా ఎవరిది?”

“నాదే. అయితే?”

“అయితే అంటాడు. గుండెనిబ్బరం గట్టిదే. మందుల షాపు కూడా చేతిలో ఉంది.”

“బావా, నేను మా నాన్నను చంపానంటారా?”

“నేనేమీ అనను. సాక్ష్యం అంటుంది. ముందు దాన్ని నీకు అందకుండా చెయ్యాలి.” మాస్టారు చటుక్కున పెన్‌డ్రైవ్ లాగేశారు. ఎవ్వరూ వెతకని చోటు కోసం గదంతా చూశారు. టీవీ వెనకకు చెయ్యి పోనిచ్చి, నల్ల పెట్టె కన్నాల్లో ఒకదాంట్లో దాన్ని దూర్చేశారు. విజయగర్వంతో వెనక్కి నడవబోతే తివాచీ అంచు కాలికి తగిలింది. దబ్బున సోఫాలో పడ్డారు. టీవీ రిమోట్ ఆయన కింద నలిగింది.

తెర ఒకసారి నల్లబడి, ఈసారి నల్ల పెట్టెకు మారి, మళ్లీ వెలిగింది. అదే అరుగు, అదే గొడుగు.

“రోజూ ఈ డిటెక్టివ్ కబుర్లతో నన్ను చంపుతోంది నువ్వే కదయ్యా అల్లుడూ,” అంది మామగారి గొంతు, గదంతా నిండుగా. “కర్టెన్ వెనక నక్కి ఏం తీస్తున్నావు? బావమరిది కెమెరా పాడుచేయకు. వచ్చి ఈ ఊచ పట్టుకో.”

పాత కెమెరా శబ్దాన్ని ఏ పద్ధతిలో దాచిందో తెల్ల పెట్టెకు తెలియదు, నల్లదానికి తెలుసు. జరిగిందంతే. కానీ ఆ క్షణాన అది ఎవరికీ పట్టలేదు. తెరలో మామగారు గొడుగు పక్కన పెట్టి, లోపలి వైపు తిరిగి, గొంతు పెంచారు.

“ఏమోయ్, ఎక్కడున్నావు? ఇలా రా ఒకసారి.”

“వస్తున్నానండీ,” అంటూ అత్తగారు లేచి నిలబడ్డారు. నిలబడ్డాక ఎక్కడికి వెళ్లాలో తెలియక అక్కడే ఆగిపోయారు. బావమరిది లేచి తల్లి భుజం పట్టుకున్నాడు. ఆమె ఏడుస్తున్నారో నవ్వుతున్నారో అతనికి అంతు చిక్కలేదు. తన సంగతి కూడా అలాగే ఉంది.

ఏళ్ల కిందట ఆ కెమెరా పట్టుకున్నది తనేనని గుర్తొచ్చి, మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. “కెమెరా పట్టుకున్నవాడే దోషి అని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను.”

“ఔను బావా, చెప్పారు,” అన్నాడు బావమరిది.

“అల్లుడుగారూ, ఆ ముక్క మళ్లీ పెట్టండి,” అన్నారు అత్తగారు కళ్లు తుడుచుకుంటూ.

“ఏ ముక్క అత్తయ్యా? నన్ను అన్నదా?”

“నన్ను పిలిచింది.”

ఆ ముక్కకు నేరుగా వెళ్లే మీట ఏదో మాస్టారికి తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడం ఆయన స్వభావం కాదు. అందుకని ప్రతిసారీ వీడియో మొదటికి పోయేది. అత్తగారిని పిలిచే చోటు దాకా రావాలంటే అల్లుడికి పడ్డ తిట్లు దాటి రావాలి. తెల్ల పెట్టెను షాపులో తిరిగిచ్చి వచ్చాక కూడా సాయంత్రమంతా అలాగే జరిగింది. చీకటి పడే వేళకు మామగారి మాటల్ని మాస్టారే ముందుగా అనడం మొదలుపెట్టారు. “వచ్చి ఈ ఊచ పట్టుకో” అన్న చోట ఆయన గొంతు కొంచెం బొంగురుపోయింది. అది బావమరిది గమనించాడు గానీ, కనిపెట్టినట్టు బయటపడలేదు.