జిలాని దవడ కట్టు

ఆ రోజు జిలాని పథకం చిన్నదే. దవడ సరిచేయించుకుని, దుకాణంలో ఓ కునుకు తీసి, సాయంత్రం మామూలుగా బట్టలమ్ముకోవాలి. కాస్త గట్టిగా ఆవలిస్తే చాలు, అతని దవడ జారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయేది. పొద్దున మళ్లీ జారింది. మార్కాపురం డాక్టరు రెండు బొటనవేళ్లు నోట్లో పెట్టి, కిందికి నొక్కి, వెనక్కి తోసి సరిచేశాడు.

"ఇంకోసారి జారిందంటే గుంటూరు పోయి ఆపరేషన్ చేయించుకోవాల్సిందే. మాట్లాడొద్దు, ఆవలించొద్దు" అన్నాడు.

ఆపరేషన్ అంటేనే జిలానికి భయం. ఆసుపత్రి కట్టు దురద పెడుతుంటే, భార్య కమ్రున్నీసా దుకాణంలోని తెల్ల మల్లుగుడ్డ చింపి, గడ్డం కింది నుంచి నడినెత్తికి బిగించి ముడి వేసింది. చనిపోయినవాళ్లకూ నోరు తెరుచుకోకుండా ఇలాగే కడతారన్నది ఇద్దరికీ తట్టలేదు. ఆమె జావ కాచడానికి ఇంటికి వెళ్లింది. అతను పరుపు మీద వెల్లకిలా పడుకుని, ఈగల బాధకు తెల్ల పంచె మెడదాకా కప్పుకున్నాడు. డాక్టరు వేసిన సూదిమందు మత్తుకు నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి ఎవరో ఏడుస్తున్నారు. పక్క కిరాణా కొట్టు గురునాథం! గోడ తగాదాతో ఏళ్లుగా మాట మానేసిన మనిషి.

"ఏందన్నా ఇది! బంగారం లాంటి మనిషివి, ఇట్ల చెప్పకుండా పోయినావే!"

కళ్లు తెరవబోయి జిలాని ఆగాడు. తను లేనప్పుడు జనం తన గురించి ఏమనుకుంటారోనన్న దిగులు అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. ఎక్కడ నలుగురు నవ్వినా తన మీదేనేమో అనుకునేవాడు. ఇంకొక్క మాట విని లేద్దామనుకున్నాడు.

అంతలో గాజుల దుకాణం సుబ్బరత్నమ్మ వచ్చింది. "రంగు పోయే చీరైతే ముందే చెప్పేటోడు నాయనా! కమ్రున్నీసా ఏది?"

"దవడ కట్టేసి, చుట్టాలకు చెప్పను పోయినట్టుంది" అన్నాడు గురునాథం.

ఊదుబత్తీల వాసన వచ్చింది. ఛాతీ మీద చల్లగా పూలదండ పడింది. ఆ తర్వాత బజారు పొడవునా ఒక్కో షట్టరూ దిగుతున్న చప్పుడు. తన కోసం ఇంతమంది వ్యాపారం మానుకున్నాక, బతికే ఉన్నానని లేచి కూర్చోవడం అతనికి మర్యాదగా తోచలేదు.

వర్తక సంఘం కార్యదర్శి ఆనంద్ బాబు గొంతు సవరించుకున్నాడు. "జిలాని గారి గురించి చెప్పాలంటే, ముందు మన సంఘం ఎట్ల పుట్టిందో చెప్పాల..."

చెప్పాడు. మురుగు కాలువ కోసం తను పెట్టిన అర్జీల గురించీ చెప్పాడు. జిలాని పళ్లు బిగబట్టాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. ప్రసంగం సంఘం భవనం శంకుస్థాపన దగ్గరికి వచ్చేసరికి శవం ఆవలించింది.

ముడి ఊడింది, దవడ జారింది. "ఆ... ఆ..." అంటూ జిలాని లేచి కూర్చున్నాడు. జనం చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తారు. కళ్లు మూసుకుని ప్రసంగిస్తున్న ఆనంద్ బాబు ఒక్కడే మిగిలాడు.

జావ ఫ్లాస్కుతో వచ్చిన కమ్రున్నీసా పూలదండనూ, ఊదుబత్తీలనూ, మొగుడి నోటినీ చూసి, అతన్ని ఆటో ఎక్కించింది. "మేలుకొని కూడా అట్లనే పండుకున్నావా?" అని ఒక్కటే అడిగింది. జిలాని రోడ్డు వైపు చూశాడు.

డాక్టరు దవడ సరిచేసి, గుంటూరు ఆపరేషన్‌కు చీటీ రాశాడు. "ఆవలించొద్దన్నాను గదయ్యా! ఎక్కడ ఆవలించినావు?"

"సంతాప సభలో సార్" అంది కమ్రున్నీసా.

"అయ్యో. ఎవరు చనిపోయినారు?"

"ఇంకా ఎవరూ పోలేదు సార్. ముందు ఇల్లు చేరనీండి."