వీరరాఘవయ్య వేసిన కుళాయి సెట్టు

సినిమాల్లో గుళ్ళూ గోపురాలూ నిలబెట్టిన వీరరాఘవయ్యకి, చేతులు కడుక్కునే కుళాయి ఒక లెక్కా?

సెట్ల పనికి పిలిచేవాళ్ళు లేకపోయాక, ఫిలింనగర్‌లో ఓ నిర్మాతగారి ఖాళీ స్థలంలో కొత్తిమీర, పుదీనా వేసుకుని బతుకుతున్నాడు. కొనేది జూబ్లీహిల్స్‌లో ఒకే ఒక్క షాపు. అది వద్దంటే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ షాపువాళ్ళు ఆకుకూరలు పండించేవాళ్ళకి శుభ్రత మీద శిక్షణ పెట్టారు. నేర్పిన సంహితమ్మ తోట చూసి సరే అంటేనే ఇకమీదట కొంటారట.

"ఏం నేర్పారండీ?" అంది భార్య నీలమ్మ.

"కోసేముందు చేతులు కడుక్కోవాలట. మడి పక్కన పచ్చి పేడ ఉండకూడదట. ఈ మాత్రం దానికి ఏసీ హాలు, మైకు!"

"మనకి కుళాయీ లేదు, పేడకుప్ప కొత్తిమీరని ఆనుకునే ఉంది. ఆవిడ రేపేగా వచ్చేది?"

"సెట్టు వేసేస్తానే."

సాయంత్రానికి పాత సామానులోంచి వాష్‌బేసిన్ లేచింది. పైన తళతళలాడే కుళాయి, వెనక గొట్టం లేదు. పేడకుప్ప మీద సినిమాకి అట్టతో చేసిన బోలు బండరాయి బోర్లించాడు. ఈ కొండల్లో బండని అనుమానించేదెవరు?

"బండ మీద అన్ని ఈగలేంటండీ?"

"ఈగలకేం తెలుసే సినిమా!"

"ఆవిడ కుళాయి తిప్పితే?"

"సెట్లో కుళాయి ఎవడైనా తిప్పుతాడా?"

"పుదీనా పచ్చిగానే నూరుకుంటారండీ. చంటిపిల్లలున్న ఇళ్ళుంటాయి."

"నోర్ముయ్."

నీలమ్మ నోరు మూసుకుంది. వీరరాఘవయ్య తను గెలిచాననుకున్నాడు. అలా అనుకున్న మొగుణ్ణి దేవుడు కూడా కాపాడలేడు.

పొద్దున అతను లేచి వచ్చేసరికే సంహిత తోటలో ఉంది.

"రండి వీరరాఘవయ్యగారూ. చేతులు కడుక్కుని ఒక కట్ట కోసి చూపించండి."

కుళాయి వెనక గొట్టం లేదని అతనికి తెలుసు. అయినా సినిమా మనిషి కదా, కుళాయి తిప్పినట్టు తిప్పి, చేతులు కడుక్కున్నట్టు రుద్దబోయాడు. చల్లగా తగిలింది.

"నీళ్ళొచ్చాయేవ్!" అని వెనక్కి గెంతి బండ మీద పడ్డాడు. బండ ఫెళ్ళుమంది. ఇక పేడలోకేనని కళ్ళు మూసుకున్నాడు. వాసన రాలేదు. కింద శుభ్రంగా ఊడ్చిన నేల.

"కుళాయిలో నీళ్ళొస్తే అంత భయమెందుకండీ? ఈ రాయేంటి?" అంది సంహిత.

నీలమ్మ దాచలేదు. "ఆయన వేసిన సెట్టమ్మా. పేడ దూరంగా గొయ్యి తీసి వేయించాను. ఇంటి నీళ్ళ ట్యాంకు నుంచి గొట్టం కూడా లాగించాను."

సంహిత ఆ గొయ్యిదాకా వెళ్ళి చూసి వచ్చింది.

"తోట బాగుంది, కూర పంపండి. కానీ కోసేది మీరే నీలమ్మగారూ. ఈయన మళ్ళీ శిక్షణకి వచ్చి కూర్చుని, నేర్చుకున్నాకే మడిలో అడుగు పెట్టాలి."

ఆవిడ వెళ్ళాక, బట్టలకంటిన రంగు పెళ్ళలు దులుపుకుంటూ అడిగాడు.

"గొట్టం ఎప్పుడు వేయించావే?"

"మీరు గెలిచి గురక పెడుతున్నప్పుడండీ."

వీరరాఘవయ్య సబ్బు అందుకున్నాడు.