ఏడు వరసల క్యూబుకు విషప్రయోగం

"నేరం ఎక్కడ దాక్కున్నా సరే, నా వాసన తగిలితే తనంతట తనే లొంగిపోతుంది!" అని ప్రకటించాడు కిబుక, కంపాలా రూబిక్ క్యూబు పోటీల హాల్లో కుర్చీ ఎక్కి. స్నానం చేసి ఎన్నాళ్లయిందో గానీ, వాసన మాట నిజమే. తనకు తానే డిటెక్టివునని చెప్పుకుంటాడు, నా ఖర్మ కొద్దీ నేను వాడి స్నేహితుణ్ణి.

ఇంతకీ కేసేమిటంటే, మొదటి రౌండులో నంటోంగో అనే అమ్మాయి ఏడు వరసల క్యూబు మాటిమాటికీ బిగుసుకుపోయింది. చచ్చీచెడీ ఫైనల్‌కు చేరింది. అందులో గెలిచిన ఒక్కరికే దేశం తరఫున ఆడే అవకాశం. మా పోటీల్లో ఆడేవాళ్లే వంతులేసుకుని, ఒకరి క్యూబు రంగులు ఇంకొకరు చెదరగొట్టి ఇస్తారు. ఆమెది చెదరగొట్టింది ఒజోక్. రోజూ ఆమెతో కలిసి సాధన చేసేది అతనే, ఫైనల్లో ఆమెకు పోటీ కూడా అతనే.

"వీడే ఏదో చేశాడు!" అనేసింది నంటోంగో అందరి ముందూ.

"నేనా? నీ క్యూబునా?" ఒజోక్ మొహం మాడిపోయింది.

"రుజువైతే ఒజోక్‌ని పోటీ నుంచి తీసేస్తాను," అంది జడ్జి కెమిగిషా మేడమ్.

"తలుపులు మూయండి! హంతకుడు లోపలే ఉన్నాడు!" అరిచాడు కిబుక. హంతకుడు సరే, ఆ హాలుకి తలుపులే లేవు.

నంటోంగో దిగులుగా రంగులు కలుపుతున్న క్యూబుని కిబుక లాక్కున్నాడు. "ఇదిగో జిగురు! విషం!"

"వరసలు జారడానికి మేమంతా వేసుకునే నూనె, అన్నా," అంది నంటోంగో.

"మరి ఇదో? అంతా సరిగ్గా ఉంది, అంచులో రెండు ముక్కలే తారుమారు. ఎవడో పీకి మార్చాడు!"

హాలు గొల్లుమంది. పెద్ద క్యూబుల్లో చివరికొచ్చాక అలా రావడం మామూలే. దాన్ని సరిచేసే పొడుగాటి చిట్కా అక్కడి బుడతలందరికీ వచ్చు, మా మేధావికి తప్ప.

"క్యూబు కొనేటప్పుడే మెరుపు, బరువు చూసుకోవాలి!" అన్నాడు, సిగ్గు లేకుండా.

"మెరుపెవడిక్కావాలి? వరస కాస్త వంకరగా ఉన్నా పక్క వరస ఆగకుండా తిరగాలి, ముక్కలు ఊడకూడదు," అన్నాడు ఒజోక్. "దుకాణంలో అన్నీ తిప్పి తిప్పి ఈమె కోసం ఇది ఏరింది నేనే. నేను పాడుచేస్తానా?"

"నేరస్థుడి పట్టు ఎలా ఉంటుందో చూపిస్తా!" అంటూ కిబుక బలమంతా పెట్టి తిప్పాడు. ఫట్! ముక్కలు హాలంతా చిమ్మాయి. నంటోంగో కెవ్వుమంది. వాటి మధ్య నూనె పట్టిన వేరుశనగ పలుకొకటి దొర్లింది.

అందరూ నంటోంగో ఒళ్లోని వేరుశనగల పొట్లం వైపు చూశారు. సాధన చేస్తూ నమలడం ఆమె అలవాటు.

అంతలో ఫైనల్‌కు పిలుపొచ్చింది. ఆ ముక్కలు మళ్లీ పేర్చాలంటే గంట పైనే పడుతుంది.

"తప్పు నాదే, ఒజోక్. నిన్ను ఎంత మాటన్నాను! నేనింక ఆడను," అంది, తలెత్తలేక.

ఒజోక్ తన క్యూబు ఆమె ముందుకు తోశాడు. "చేతులు కడుక్కునిరా. ముందు నువ్వు, తర్వాత నేను. దీని వరసలు కాస్త వదులు. తిప్పే ముక్కని చూడకు, తర్వాతి ముక్క ఎక్కడుందో చూడు. వేగమంతా అక్కడే."

ఆమే గెలిచింది, ఆ క్యూబుతోనే. చప్పట్లు మోగగానే కిబుక లేచి అందరికీ వంగి దండాలు పెట్టాడు.

నంటోంగో క్యూబు తిరిగి ఇవ్వబోతే ఒజోక్ పుచ్చుకోలేదు. కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "ఉంచుకో. నేనెలాగూ వెళ్లట్లేదు, అదైనా వెళ్లనీ."