వీర జవాను అష్ఫాక్ గారి బదిలీ

మా నియోజకవర్గ శాసనసభ్యులు శ్రీ సంజీవరావు గారు గత నవంబరులో భారత సైన్యంలో కూడా ఒక బదిలీ చేయించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. బెంజ్ సర్కిల్ మీదుగా వెళ్లేవారికి ఈ సంగతి ఈపాటికే తెలిసి ఉంటుంది. అక్కడ కట్టిన ఫ్లెక్సీ రెండంతస్తుల ఎత్తుంది. అటువైపు వెళ్లనివారి కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు సంజీవరావు గారి గురించి చెప్పాలి. శాసనసభ్యుడి పని శాసనాలు చేయడమని ఎక్కడో రాసి ఉందట. మావాళ్లు ఇంతవరకు ఆయన్ని ఒక్క శాసనమూ అడగలేదు, ఆయనా ఒక్కటీ చేయలేదు. ఇరుపక్షాల మధ్య ఆ విషయంలో చక్కటి అవగాహన ఉంది. మావాళ్లు అడిగేది బదిలీలు. టీచర్లనూ లైన్‌మెన్లనూ కానిస్టేబుళ్లనూ ఆయన ఒక్క ఫోనుతో ఈ మండలం నుంచి ఆ మండలానికి పంపగలరు. ఒకసారి తమ బావమరిది ఇంటి ముందున్న ట్రాన్స్‌ఫార్మర్ని కూడా పక్క వీధికి ట్రాన్స్‌ఫర్ చేయించారు. ఆయన చేయించిన బదిలీల్లో ఎవరూ కోర్టుకు వెళ్లనిది అదొక్కటే.

ఇక అష్ఫాక్. హనుమాన్ జంక్షన్‌లో, నూజివీడు రోడ్డులో, ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేసే కొట్టు అతనిది. ముప్పై నాలుగేళ్లు. నెమ్మదస్తుడు. అతని భార్య తబస్సుం సైన్యంలో నర్సింగ్ అధికారి. కెప్టెన్. ఉత్తరాదిన ఒక సైనిక ఆసుపత్రిలో రెండేళ్లకు పైగా పనిచేస్తోంది. నాలుగేళ్ల కూతురు ఫౌజియా తండ్రి దగ్గర, నాయనమ్మ సాలేహా పెంపకంలో ఉంటోంది.

ఇందులో అర్థం కానిది ఏమీ లేదని మీరనుకోవచ్చు. మా ఊరికి మాత్రం ఇది ఎప్పుడూ అర్థం కాలేదు. వాళ్లింట్లో ఒకరు మిలటరీలో ఉన్నారని అందరికీ తెలుసు. ఆ ఒకరు తబస్సుం అని కూడా తెలుసు. అయినా అష్ఫాక్ కొట్లో కనిపించినప్పుడల్లా, "ఏం బాబూ, సెలవు మీద వచ్చావా?" అని అడిగేవాళ్లు. ఏడాది పొడవునా రోజూ కనిపించే మనిషిని, రోజూ సెలవు మీద వచ్చినట్టే పలకరించేవాళ్లు.

బదిలీ కోసం తబస్సుం తన ఆసుపత్రి ద్వారానే దరఖాస్తు పెట్టుకుంది. సికింద్రాబాద్ ఇస్తే చాలునని రాసింది. ఇలాంటివాటికి అక్కడ ఒక వరస ఉంటుందనీ, మన వంతు వచ్చేదాకా ఆగాలనీ భర్తకు చెప్పింది. మరో మాట కూడా గట్టిగా చెప్పింది. బయటివాళ్ల చేత సిఫారసు చేయిస్తే సైన్యంలో దాన్ని తప్పు కింద లెక్కేస్తారు, సంజాయిషీ అడుగుతారు, కాబట్టి ఎవరి దగ్గరికీ వెళ్లొద్దు. అష్ఫాక్ సరేనన్నాడు. ఏడాది పాటు ఆ మాట మీదే ఉన్నాడు.

జూన్‌లో ఫౌజియాను బడిలో వేశారు. వారం తర్వాత తబస్సుం డ్యూటీ మధ్యలో, యూనిఫాంలోనే, వీడియో కాల్ చేసింది. ఫౌజియా ఫోను ముందు చేతులు కట్టుకుని నిలబడి, "గుడ్ మార్నింగ్, మేడం" అంది. తబస్సుం నవ్వుతూనే, బడిలో ఏం నేర్పారని అడిగింది. ఆ పిల్ల నేర్చుకున్నవన్నీ ఒప్పజెప్పి, "థాంక్యూ, మేడం" అని ఫోను నాయనమ్మకిచ్చి ఆడుకోవడానికి వెళ్లిపోయింది. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. సిగ్నల్ లేదేమోనని సాలేహా అనుకుంది. సిగ్నల్ బాగానే ఉంది.

మర్నాడే అష్ఫాక్ ఎమ్మెల్యే గారి క్యాంపు కార్యాలయానికి వెళ్లాడు.

అక్కడ వ్యవహారమంతా చూసేది పీయే జక్కయ్య గారు. ఆయన కంప్యూటర్లో సిఫారసు లేఖలు సిద్ధంగా ఉంటాయి. టీచరుకొకటి, పోలీసుకొకటి, భార్యాభర్తలు వేర్వేరు ఊళ్లలో ఉంటే ఇంకొకటి. పేరు మారిస్తే సరిపోతుంది. సైనికుల లేఖ లేకపోవడంతో జక్కయ్య గారు కానిస్టేబుల్ లేఖ తెరిచి, పోలీసు అన్న చోటల్లా ఆర్మీ అని మార్చారు.

"ఉద్యోగం మా ఆవిడదండీ" అన్నాడు అష్ఫాక్.

"అలాగే, అలాగే. మీ ఆవిడ బాధపడుతోందనే రాద్దాం" అన్నారు జక్కయ్య గారు, తలెత్తకుండా.

అష్ఫాక్ రెండోసారి చెప్పాడు. అప్పటికే లేఖ ప్రింటరులోంచి బయటికొచ్చింది. మన నియోజకవర్గపు ముద్దుబిడ్డ, వీర జవాను, కెప్టెన్ అష్ఫాక్ గారిని మానవతా దృక్పథంతో సికింద్రాబాదుకు బదిలీ చేయవలసిందిగా అందులో ఉంది. సంతకం కోసం లోపలికి తీసుకెళ్తే ఎమ్మెల్యే గారు ఆప్యాయంగా భుజం తట్టారు. ఆ ఆసుపత్రి ఏ కలెక్టరు కిందికి వస్తుందని అడిగారు. కలెక్టరు కాదండీ, కమాండెంట్ అని చెబితే, ఆయన ఏ పార్టీ మనిషని అడిగారు. ఏ పార్టీ కాదని తెలిసి కొంచెం ఆలోచనలో పడ్డారు. ఏ పార్టీకీ చెందని మనిషితో పని చేయించుకోవడం ఎలాగో ఆయన అనుభవంలో లేదు. చివరికి సంతకం చేసి, "నువ్వు ధైర్యంగా బోర్డర్‌కి వెళ్లు తమ్ముడూ, నేను చూసుకుంటా" అన్నారు. గోడ పక్కన వరసలో కూర్చున్న జనం చప్పట్లు కొట్టారు.

మూడోసారి చెప్పడానికి అష్ఫాక్ నోరు తెరిచాడు. ఆ చప్పట్లు విని మూశాడు.

ఆగస్టు పదిహేనున మండల కేంద్రంలో జవాన్ల కుటుంబాలకు సన్మానం ఏర్పాటైంది. అష్ఫాక్‌కు శాలువా కప్పారు, కొండపల్లి బొమ్మ ఒకటి చేతిలో పెట్టారు. వేదిక వెనక ఫ్లెక్సీలో మంచుకొండలు, ఆ కొండల ముందు తుపాకీ పట్టుకున్న సైనికుడు, ఆ సైనికుడి మెడ మీద అష్ఫాక్ తల. ఆ తలను అతని కొట్టు ప్రారంభోత్సవం ఫోటోలోంచి తీశారు కాబట్టి నోట్లో స్వీటు ఉంది. ఎమ్మెల్యే గారు మైకు తీసుకున్నారు.

"మనమిక్కడ ఏసీ గదుల్లో పడుకుంటున్నామంటే, అక్కడ మన అష్ఫాక్ గడ్డకట్టే మంచులో నిలబడ్డాడు కాబట్టే" అన్నారు.

వాక్యంలో సగం నిజం. ఎమ్మెల్యే గారి పడకగది ఏసీకి గ్యాసు నింపింది అష్ఫాకే. మంచు విషయానికొస్తే అతనెరిగిన మంచు డీప్ ఫ్రీజర్లోనిది మాత్రమే. అయినా ఆ సమయంలో అతని వెన్ను నిటారుగా అయింది. కుర్రతనంలో సైన్యంలో చేరాలని అతనూ ఒకసారి వెళ్లాడు. ఛాతీ రెండంగుళాలు తక్కువైందని పంపించేశారు. ఈ సంగతి తబస్సుంకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ రెండంగుళాలూ ఇన్నాళ్లకు శాలువా పూడ్చింది.

మర్నాటి నుంచి కొట్టుకు వచ్చినవాళ్లు సెల్యూట్ చేయసాగారు. బేరమాడడం తగ్గించారు. దేశ సరిహద్దుల్లో ఉన్నవాడు తమ ఫ్రిజ్ తలుపు ఎలా బిగిస్తున్నాడని ఒక్కరూ అడగలేదు.

తబస్సుంకు ఈ విషయం ఒక రోగి చెప్పాడు. కాలు విరిగి ఆమె వార్డులో చేరిన మచిలీపట్నం జవాను తన ఫోన్లో ఆ సన్మానం ఫోటో చూపించి, మన జిల్లా హీరో అంట మేడం, బదిలీకి ఎమ్మెల్యే గారే లెటరు రాశారంట, చూశారా అన్నాడు. చూశానని చెప్పి, ఆమె అతని కట్టు మార్చి, చార్టులో రాసి, బయటికొచ్చి ఇంటికి ఫోను చేసింది.

"లెటరు ఎవరి పేరు మీద రాయించారు?"

"నా పేరు మీదే పడింది" అన్నాడు అష్ఫాక్.

"నా పేరు ఎక్కడైనా ఉందా?"

"ఎక్కడా లేదు."

ఆమె పెద్దగా ఊపిరి తీసుకుంది. ఉండుంటే ఈపాటికి తన చేత సంజాయిషీ రాయించేవాళ్లనీ, దరఖాస్తు పక్కన పెట్టేసేవాళ్లనీ చెప్పింది. జక్కయ్య గారు తలెత్తి వినకపోవడం వల్ల ఒక సైనికాధికారికి జరిగిన మేలు ఇది. ప్రజాసేవలో ఇలాంటివీ ఉంటాయి.

అష్ఫాక్ తేలిగ్గా నవ్వబోయాడు.

"నవ్వకండి" అంది తబస్సుం. "వాళ్లకు తెలీదు సరే. మీకు తెలుసుగా. ఆ స్టేజీ మీద ఎందుకు చెప్పలేదు?"

అతను చప్పట్ల సంగతి చెప్పాలనుకున్నాడు. ఆమె ఆగలేదు.

"నా కూతురు నన్ను మేడం అంటోంది. మా ఆయనేమో నా యూనిఫాం తొడుక్కుని తిరుగుతున్నాడు. అసలు నేనెక్కడున్నాను చెప్పండి?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదని అష్ఫాక్‌కు అనిపించింది. ఆ సాయంత్రం కొట్టు కట్టేసి, శాలువా మడిచి బీరువా అడుగున పెట్టాడు. కొత్త మనిషి వచ్చి సెల్యూట్ చేస్తే, మిలటరీలో ఉన్నది మా ఆవిడండీ, నేను కాదు అని చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లంతా వీర జవాన్లకు ఎంత వినయమో అనుకుంటూ వెళ్లిపోయారు.

సెప్టెంబరులో సైన్యం నుంచి జవాబొచ్చింది. ఈ పేరుతో తమ వద్ద ఏ అధికారీ లేరనీ, బదిలీల కోసం ప్రజాప్రతినిధులు రాయడం తగదనీ రెండే వాక్యాలు. ఇంగ్లీషులో ఉండడం వల్ల దాన్ని గౌరవంగా చూశారు. 'ఎమ్మెల్యే లేఖపై స్పందించిన సైన్యం' అని జక్కయ్య గారు పత్రికలకు ప్రకటన ఇచ్చారు. అసలు కాగితం ఫ్రేము కట్టించి కార్యాలయంలో వేలాడదీశారు. వచ్చిపోయేవాళ్లు దానికి దణ్ణం పెడుతున్నారు.

నవంబరులో తబస్సుం వంతు వచ్చింది. వరసలో ఆమె ముందున్న పదకొండు మందికీ అయ్యాక, పన్నెండో పేరుగా, సికింద్రాబాదుకు బదిలీ ఉత్తర్వు అందింది. అక్కడ చేరేముందు ఇరవై రోజులు సెలవిచ్చారు. ఆమె వచ్చే ముందురోజు ఈ సంగతి సాలేహా పక్కింటివాళ్లకు చెప్పింది. అందువల్ల మర్నాడు గన్నవరం విమానాశ్రయం బయట డప్పులు, రెండు వందల మంది కార్యకర్తలు, గజమాల, ఎమ్మెల్యే గారు సిద్ధంగా ఉన్నారు.

తబస్సుం ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చింది. సల్వార్ కమీజులో ఉంది. కార్యకర్తలు ఆమెను మర్యాదగా పక్కకు జరగమని చెప్పి, ఆమెను తీసుకెళ్లడానికి తల్లితో, కూతురితో వచ్చిన అష్ఫాక్ మెడలో గజమాల వేశారు. సైన్యం మెడలు వంచి తమ్ముణ్ని తెచ్చానని ఎమ్మెల్యే గారు ప్రకటించి, రెండు మాటలు మాట్లాడమని మైకు అతనికిచ్చారు.

అష్ఫాక్ మైకు అందుకున్నాడు. ఆ మాల బరువు ఒక చిన్న ఫ్రిజ్ అంత ఉంది.

"అందరికీ నమస్కారం. నేను మిలటరీలో లేనండీ. ఎప్పుడూ లేను. జంక్షన్‌లో ఏసీలు బాగుచేస్తాను. కెప్టెన్ ఈవిడ" అని తబస్సుంను చూపించాడు. "మీరందరూ అనుకుంటుంటే ఊరుకున్నాను. నాది తప్పు."

డప్పులు ఆగిపోయాయి. తబస్సుం అతన్నే చూస్తోంది. నాయనమ్మ చెయ్యి వదిలించుకున్న ఫౌజియా జనం కాళ్ల మధ్య నుంచి వచ్చి తల్లి దుపట్టా అంచు పట్టుకుంది. ఏమని పిలవాలో తెలియక ఊరికే పట్టుకుని నిలబడింది. తబస్సుం ట్రాలీ వదిలేసి కింద కూర్చుని పిల్లను దగ్గరికి తీసుకుంది. ఆ తర్వాతి ప్రసంగాన్ని ఆమె వినలేదు.

అది వినవలసిన ప్రసంగమే. సంజీవరావు గారు మూడు క్షణాల్లో తేరుకున్నారు. "చూశారా నా తల్లులారా" అన్నారు. "భర్తకు విశ్రాంతినిచ్చి, ఆ స్థానంలో భార్యను కెప్టెన్ చేశాం. మహిళా సాధికారత అంటే ఇదీ." డప్పులు రెట్టించిన ఉత్సాహంతో మోగాయి. బెంజ్ సర్కిల్ ఫ్లెక్సీలో ఇప్పుడు తబస్సుం బొమ్మ కూడా ఉంది. 'వీర జవాను శ్రీ అష్ఫాక్ గారి సతీమణి' అని కింద రాశారు.

నాలుగు రోజుల తర్వాత ఒక అమ్మాయి వాళ్లింటికి వచ్చింది. పేరు జెస్సికా. గన్నవరం పక్క పల్లె. భర్త యేసుబాబు సైన్యంలో నాయక్, ఈశాన్యంలో ఉన్నాడు. ఏడో నెల కడుపుతో, జామకాయల సంచీతో, రెండు ఆటోలు మారి వచ్చింది. తబస్సుం ఆమెను ఫ్యాను కింద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. యేసుబాబు బదిలీ కోసం తన యూనిట్లో ఎవరికి దరఖాస్తు పెట్టాలో, డాక్టరు కాగితాలు ఏవి జతచేయాలో, ప్రసవం సమయానికి సెలవు ఎలా అడగాలో అరగంట సేపు విడమరిచి చెప్పింది. ఒక నమూనా దరఖాస్తు తన చేత్తో రాసిచ్చింది. బయట ఎవర్నీ పట్టుకోవద్దనీ, పట్టుకుంటే మీ ఆయనకే ఇబ్బందనీ రెండుసార్లు చెప్పింది.

జెస్సికా శ్రద్ధగా విన్నది. కాగితం మడిచి, తనతో తెచ్చుకున్న బైబిల్లో పెట్టుకుంది. కళ్లనీళ్లు పెట్టుకుని దండం పెట్టింది. అష్ఫాక్ ఆటో దాకా సాగనంపడానికి వెళ్లాడు. వీధి మలుపు తిరిగాక ఆమె వెనక్కి చూసి, తబస్సుం గుమ్మంలో లేదని నిర్ధారించుకుని గొంతు తగ్గించింది.

"మేడం గారు మంచోరన్నయ్యా. పైకి అలాగే చెప్పాలి కదా ఆవిడ. అసలు పనెట్టా అయిందో నాకు తెలుసులే. ఎమ్మెల్యే గారి పీయే నంబరు ఇవ్వన్నయ్యా."

నిజంగా వరస ప్రకారమే వచ్చిందని అష్ఫాక్ ఒట్టు వేశాడు. ఆమె నమ్మలేదు. పెద్దింటివాళ్లు ఇలాగే దాస్తారని నొచ్చుకుని ఆటో ఎక్కింది.

జక్కయ్య గారి నంబరు నా దగ్గరా ఉంది. ఇక్కడ అచ్చువేయడం లేదు. కథ చదివి నవ్వుకుని, చివర్లో ఆ నంబరు ఉంటుందేమోనని చూసినవారు నన్ను క్షమించాలి. మీకు ఏ శాఖలో, ఏ ఊరికి కావాలో రాసి పంపితే విడిగా ఇస్తాను.